ఓపా కలిపిన వరస

నేను ఇంతకాలం ఏదీ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అక్షరాలు రావు. మా ఎస్టేటు బడిలో తమిళమే చెప్పేవారు, అదీ మూడో తరగతి దాకా. దానికైనా వెళ్దామంటే, అమ్మ రబ్బరు చెట్లు గీసే పనికి వెళ్ళాక నా వెనక పుట్టినవాళ్ళను చూసుకోవలసింది నేనే. వాళ్ళు కాస్త ఎదిగేసరికి నా చేతికి చెట్లకు కట్టే రబ్బరు పాలకప్పులు తుడిచే గుడ్డ వచ్చింది. ఆ తరవాత మలాయి దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలో కమ్యూనిస్టులూ, బయట దొరల సైన్యమూ పోరాడుకున్న రోజులవి. చేతిలో కాగితం ముక్క కనిపిస్తే గేటు దగ్గర ఆపి, ఎవరికి తీసుకుపోతున్నావని అడిగేవారు. చదవడం రాదని చెప్పుకోవడమే మేలు అనిపించే కాలం.

అరవై దాటాక పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో కూతురి దగ్గరికి వచ్చాను. గుడి పక్క హాలులో ఆదివారాలు తెలుగు నేర్పుతారంటే, మనవరాలిని దింపడానికి వెళ్ళి నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాను. పంతులమ్మ బోర్డు మీద 'అ' రాసి "అమ్మ" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకమ్మా నవ్వుతున్నారని అడిగింది. అమ్మ అంటే ఎవరు అన్న సంగతి మీద ఎస్టేటులో మా కూలీల లైను ఇళ్ళలో ఒక ఆదివారం పెద్ద తగువు జరిగిందనీ, అందులో గెలిచి నేను పెళ్ళి చేసుకున్నాననీ చెప్పాను. అయితే రాయండి అంది ఆవిడ. వత్తులూ గుణింతాలూ పట్టుబడేసరికి మనవరాలు కాలేజీకి వెళ్ళిపోయింది. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఎస్టేటు పేరక్‌లో, సుంగై సిపుట్ అవతల ఉండేది. మా నాన్నా, మా పెద్దయ్యా ఒకే ఓడలో విశాఖపట్నం రేవు నుంచి వచ్చారు. ఓడ ఎక్కేదాకా ఒకరి ముఖం ఒకరు ఎరగరు. ఓడలో ఇద్దరేసి మనుషులకు ఒక పళ్ళెం ఇచ్చేవారట. నాన్న వేలితో అన్నం మధ్య గీత గీసి, ఇటు నీది, అటు నాది అన్నాడట. పెద్దయ్య ఆ గీతను చెరిపేసి, "తమ్ముడి కాడ గీతేటిరా?" అన్నాడట. ఆయన ఊళ్ళో మశూచికి సొంత తమ్ముణ్ణి పోగొట్టుకుని, ఆ దుఃఖంతోనే ఓడ ఎక్కిన మనిషి. పెనాంగ్ రేవులో దిగేసరికి వాళ్ళు అన్నదమ్ములు.

మాటకు అన్నదమ్ములు కాదు. నాన్న ఏనాడూ పెద్దయ్య ఎదట బల్ల మీద కూర్చోలేదు. చుట్ట కాలుస్తుండగా ఆయన వస్తే, నిప్పుతో సహా గుప్పిట్లో దాచేవాడు. ఆ మచ్చలు ఆయన అరచేతిలో ఉండేవి. పెద్దయ్య భార్య మాకు పెద్దమ్మ. ఆయన కొడుకు నాకు అన్న.

ఇక్కడే చిక్కు వచ్చింది.

పెద్దయ్య వాళ్ళు ఎస్టేటులోనే ఏటి అవతల ఉండే డివిజన్‌లో ఉండేవారు. శ్రీరామనవమికి తప్ప మేము కలిసేవాళ్ళం కాదు. ఎమర్జెన్సీలో దూరంగా ఉన్న లైను ఇళ్ళన్నీ ఖాళీ చేయించి, అందరినీ ఒకచోట చేర్చి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. అలా వాళ్ళ గది మా గదికి ఎదురుగా వచ్చింది. వాళ్ళ అబ్బాయి పొగగదిలో రబ్బరు షీట్లు ఆరవేసే పని చేసేవాడు. ఒంటి నిండా పొగ వాసన. అప్పటికి నేనూ చెట్లు గీసే పనిలో ఉన్నాను. అతను మొదటిసారి నాతో మాట్లాడిన మాట, "మరీ లోతుగా గీసేత్తన్నావు, సెట్టు ఏడుస్తాది." రెండో మాట గుర్తులేదు. ఆ తరవాత చాలా మాట్లాడుకున్నాం.

అమ్మ నా కన్నా ముందే కనిపెట్టింది. ఒకనాడు బట్టలు పిండుతూ అడిగింది.

"ఆ గుంటడ్ని ఏటని పిలుస్తన్నావే?"

"ఏటనీ పిలవను."

"అదే సూత్తన్నాను. వచ్చిన కాడ్నుంచీ 'ఇదిగో' అంటన్నావు, 'ఓయ్' అంటన్నావు. 'అన్నా' అని ఒక్కపాలి అంటే నోరు పడిపోతాదేటి?"

నేను బట్టలు జాడించడం మొదలుపెట్టాను. అమ్మ నా వైపు చాలాసేపు చూసి, "అయిపోనాది" అంది.

అతను వాళ్ళ నాన్నను అడిగాడు. పెద్దయ్య అరవలేదు, కొట్టలేదు. "తమ్ముడి కూతురు నీకు సెల్లెలు" అని చెప్పి భోజనం ముగించాడు. మా లైనులో తెలుగు వాళ్ళకు పెద్ద ఆయనే. ఇంకొకరి దగ్గరికి పోయి చెప్పుకునేందుకు లేదు. నాన్నను అడిగితే, "ఓడలో అన్న మాట ఓడలో ఒగ్గీసి రాలేను" అన్నాడు. ఈలోగా తెలుక్ అన్సన్ వైపు ఎస్టేటు నుంచి నాకు ఒక సంబంధం వచ్చింది. వచ్చే మంగళవారానికి మాట చెప్పాలి. అబ్బాయి మంచివాడే అన్నారు. నేను చూడలేదు.

అప్పట్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళను గేటు పక్క గదిలో వెతికి పంపేవారు. అడవిలో వాళ్ళకు అన్నం అందుతుందేమోనని భయం. బియ్యం ఇళ్ళకు ఇవ్వడం మానేశారు. కంచె లోపల పెద్ద బానల్లో అందరికీ కలిపి వండి, వండిన అన్నమే పెట్టేవారు. మేము చక్కెర లేని నల్ల టీ తప్ప ఏదీ బయటికి తీసుకుపోకూడదు. వరసలో నిలబడి నిలబడి, ఊళ్ళో సంగతులన్నీ మాకు ఆ గేటు దగ్గరే తెలిసేవి.

ఆ వారం గేటు దగ్గర ఒక కొత్త సిపాయి ఉన్నాడు. తెల్లవాడు కాదు, మా ఛాయకు దగ్గర మనిషి, భుజాలు తలుపంత వెడల్పు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరి అని తరవాత తెలిసింది. మేము వరసలో ఉండగా ఓపా లోపలికి వచ్చింది. ఓపా పక్క మలాయి ఊళ్ళో ఉండే మంత్రసాని. పేరక్ మలాయిలు బామ్మను ఓపా అంటారు. అందుకని మేమందరం అలాగే పిలిచేవాళ్ళం. మా లైనులో ఎవరికి నొప్పులు వచ్చినా ఆవిడే దిక్కు.

సిపాయి ఆవిడ బుట్ట చూశాడు. పసుపు, అల్లం, తమలపాకులు, అడుగున ఒక నల్లటి ఏటిరాయి. రాయి పైకి తీసి, ఇదేమిటి అన్నట్టు చూశాడు. పక్కనున్న మలాయి కానిస్టేబులు, "బాంబు కాదులే" అని నవ్వాడు. ఓపా రాయి కాచే తీరూ, ఆకుల్లో చుట్టి బాలింత కడుపు మీద పెట్టే తీరూ చేతులతో చూపించింది. అతను రాయిని రెండు చేతులతో తిరిగి ఇచ్చి, తల వంచి, "కుయా" అన్నాడు.

"అంటే ఏమిటి?" అంది ఓపా మలాయిలో.

అతనికి మలాయి కొద్దిగా వచ్చు. తన భాషలో పెద్దావిడను అలా పిలుస్తారని చెప్పాడు. ఓపాకు సరదా పుట్టింది. కన్ను చూపించి "మాతా" అంది. అతను, "మాకూ మాతాయే" అన్నాడు. చెవి పట్టుకుని "తెలింగా" అంది. "తారింగా" అన్నాడు. అయిదు వేళ్ళూ చాపి "లిమా" అంది. "రిమా" అన్నాడు. మేమంతా వరస వదిలేసి చుట్టూ మూగాం. నాన్నను ఏమంటావని ఓపా అడిగితే "మాతువా" అన్నాడు. ఓపా పకపకా నవ్వింది. మలాయిలో 'మెంతువా' అంటే అత్తమామలు. "ఇంత దూరం సముద్రం దాటేసరికి మీ నాన్న మా మామగారు అయ్యాడు" అంది.

అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. "నాన్న అన్నగారిని ఏమంటావు?" అని అడిగాను.

"మాతువా."

"నాన్నను కూడా అదే అన్నావు కదా?"

"అందరూ మాతువాలే. అమ్మ అక్కచెల్లెళ్ళందరూ అమ్మలే."

"వాళ్ళ కొడుకులు?"

"నీకు అన్నదమ్ములు. అటువైపు వాళ్ళైనా, ఇటువైపు వాళ్ళైనా."

నా వెనక నిలబడ్డ అమ్మ నా వీపు మీద వేలితో పొడిచింది. "ఇనుకున్నావేటే? సముద్రం అవతలికి పోనా నీకు అన్నే అవుతాడట." ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది.

ఆ సిపాయి నా ముఖం చూసి, తానేదో తప్పు మాట అన్నాననుకున్నట్టున్నాడు. జేబులోంచి ఒక చిన్న ఫోటో తీసి చూపించాడు. గుమ్మం ముందు ఒక ముసలావిడ. తనను కన్నది ఈవిడ కాదట. నాయనమ్మకు అక్క. పసితనంలోనే తనను తీసుకుని పెంచింది. వాళ్ళలో దానికి ఒక మాట ఉందట, ఫాంగై అని. అన్నం పెట్టడం అని దాని అర్థం. "కన్న అమ్మ ఉంది. కానీ అన్నం పెట్టింది ఈవిడ. ఈవిడ అమ్మ" అన్నాడు, వచ్చిన మలాయిలో ముక్కలు ముక్కలుగా.

ఓపా తల ఊపింది. "మా దగ్గర అనక్ అంకట్ అంటాం" అంది. ఎత్తుకుని పెంచుకున్న బిడ్డ అని. ఆ మాట ఆవిడ మామూలుగా అని, బుట్ట చంకన పెట్టుకుని పురుడు ఉన్న గదికి పోయింది. నేను గేటు దాటి చెట్ల మధ్యకు వెళ్ళాక కూడా ఆ మాట నా వెంటే వచ్చింది. ఆ రోజు ఎన్ని చెట్లు లోతుగా గీశానో మా పని చూసే కంగాణీని అడగాలి.

మధ్యాహ్నం తిరిగి వస్తూ నేరుగా పురిటిగదికి వెళ్ళాను. ఓపా గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతోంది.

"ఓపా, మా నాన్నను నువ్వు 'బుసు' అని ఎందుకు పిలుస్తావు?"

అది ఆవిడ ముద్దుకు పెట్టుకున్న పేరని మేము అనుకునేవాళ్ళం. పెద్దమ్మను 'అలాంగ్' అని పిలిచేది. అదీ అలాంటిదే అనుకున్నాం.

ఓపా వేళ్ళు మడిచింది. మలాయిల్లో పిల్లలను పుట్టిన వరసలో పిలుస్తారు. పెద్దవాడు యోంగ్. రెండోది ఙా. మూడో బిడ్డ అలాంగ్. ఆఖరువాడు బుసు. "నేను కన్నది ఇద్దరినే" అంది. "మూడోది మీ పెద్దమ్మ. మొదటి కాన్పుకు అమ్మ లేక వణికిపోతుంటే, మా ఇంటికి తీసుకుపోయి నా చేత్తో అన్నం పెట్టాను. ఆఖరువాడు మీ నాన్న. ఆ తరవాతి వానల్లో జ్వరం వచ్చి, బతకడని లైను చివర పడుకోబెట్టారు. మా ఇంటి అరుగు మీద వేసుకుని గంజి పోశాను. ఇన్నేళ్ళుగా అందరి ముందూ పిలుస్తూనే ఉన్నాను కదా."

నేను ఓపా పాదాలు పట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం రాముల కోవెల దగ్గరికి వచ్చి ఈ మాట చెప్పమన్నాను. ఎందుకని అడిగింది. అంతా చెప్పాను. ఆవిడ నోరు తెరిచి విని, "మీ వాళ్ళకు పెదనాన్న కొడుకు పనికిరాడు, మేనత్త కొడుకు పనికివస్తాడా? మాకు ఇద్దరికీ ఒకే మాట, సెపుపు. ఎవరినైనా చేసుకోవచ్చు" అంది. కాసేపు ఆలోచించి, "మీది చాలా కష్టమైన భాష" అంది.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. అమ్మ ముందు వేళ్ళు లెక్క పెట్టుకుంది. పెద్దమ్మా, నాన్నా ఓపా బిడ్డలైతే అక్కా తమ్ముళ్ళు. పెద్దమ్మ నాకు మేనత్త. మేనత్త కొడుకు బావ. రెండోసారి లెక్క పెట్టింది. అప్పుడు నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. "ఈ బుర్ర ఎవరి కాడ్నుంచి వచ్చినాది నీకు? మీ అయ్య కాడ్నుంచి మాత్రం కాదు" అంది.

ఆదివారం కోవెల ముందు అందరూ చేరారు. అంతకు ముందు వారమే గేటుకు కొబ్బరాకుల తోరణం కట్టారు. మెర్డేకా వస్తోంది, దేశం మనదవుతోంది అని అందరి నోటా అదే. అయినా చీకటి పడగానే సైరన్ మోగేది, మోగాక ఎవరూ గడప దాటకూడదు. ఓపా అంతకన్నా ముందే గేటు దాటాలి. చెట్ల నీడ కోవెల గోడ సగం దాకా ఎక్కింది. ఆ నీడ కప్పు అందుకునేలోపల తేలాలి.

పెద్దయ్య అరుగు మీద కూర్చున్నాడు. నాన్న కింద నిలబడ్డాడు. సంగతి అమ్మే ఎత్తింది. ఓపా తన బిడ్డలను వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. పెద్దయ్యకు మలాయి బాగా వచ్చు, అందరికీ వచ్చు. తెలుగులోకి చెప్పాల్సిన పని లేదు. ఆయన అంతా విని నాన్నను అడిగాడు.

"ఆరి ఇంట తిన్నావేటిరా?"

మా వాళ్ళు అప్పట్లో మలాయిల ఇంట అన్నం ముట్టామని నలుగురిలో చెప్పుకునేవారు కాదు. నాన్న తల వంచుకున్నాడు. తరవాత ఎత్తాడు. "తిన్నాను అన్నా. ఆ గంజే నేకపోతే నీకు తమ్ముడే నేడు."

పెద్దయ్య చుట్టూ ఉన్న జనం వైపు చేయి చూపించి, "ఒకే కాడ తింటే తోబుట్టువులంటే, ఇప్పుడు కంచె లోపల మనమందరం ఒకే బానలో తింటన్నాం. తమిళోళ్ళు, మనోళ్ళు, సీనా దేశపు కొట్టోడు కూడా. అయితే ఇంకెవరికీ పెళ్ళిళ్ళు నేవు. గుంటల్ని ఏటి సేద్దాం?" అన్నాడు.

జనం నవ్వారు. ఇది నేను ఆలోచించలేదు.

అమ్మ ఆలోచించింది. "అది కంపెనీ అన్నం. కంపెనీ ఎప్పుడైనా ముద్ద కలిపి నోట్లో పెట్టినాదా? నీకు జొరమొత్తే నుదురు తడిమి సూసినాదా? గరిటెతో ఇసిరిన కూడుకీ, సేతి ముద్దకీ నీకు తేడా తెలవదేటి పెద్దోడా? నీ ఓడ పళ్ళెం కూడా కంపెనీదే. అయినా మీరు అన్నదమ్ములు అయినారంటే, పళ్ళెం వల్ల కాదు. గీత సెరిపినావు గనక."

పెద్దయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. గీత చెరిపిన వేలు అందులోనే ఉంది. ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "నాకున్న తమ్ముడు ఒకడే. ఒకడ్ని అక్కడ మట్టిలో ఎట్టి వచ్చినాను. ఈడ్ని కూడా ఇప్పుడు కాదంటే నాకెవడున్నాడు?"

నేను అప్పటిదాకా వరస ఒక లెక్క అనుకున్నాను. లెక్క తేలితే చాలు, పెద్దయ్య ఒప్పుకుంటాడు అనుకున్నాను. ఆయన అడ్డు పడుతున్నది లెక్క కుదరక కాదని అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క క్షణం, తెలుక్ అన్సన్ పోవడమే మంచిదేమో అనిపించింది. కోవెల గోడ మీద నీడ కప్పు అంచుకు చేరింది. గేటు దగ్గర కానిస్టేబులు ఓపా కోసం ఇటు చూస్తున్నాడు.

పెద్దమ్మ లేచింది. ఆవిడ నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. భర్త ఎదట అసలే కాదు. ఓపా పక్కకు వెళ్ళి నిలబడి, ఆవిడ చేయి పట్టుకుంది.

"నాను ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినాది. పండక్కి ఒక సీర ఎట్టే పుట్టిల్లు నేదు. కానుపు కాడ 'అమ్మా' అని అరిత్తే పలికినాది ఈవిడే. ఇదే నా పుట్టిల్లు. పుట్టింటి కాడ ఒక తమ్ముడు ఉన్నాడని ఇప్పుడు తెలిసినాది." ఆవిడ నాన్న వైపు చూసింది. తరవాత భర్త వైపు తిరిగింది. "ఆడ్ని ఎవుడూ తీసుకుపోడు. ఇంట్లోనే ఉంటాడు. ఇన్నేళ్ళు నీకు తమ్ముడుగా ఉన్నాడు. ఇక నాకు ఉండనీ."

పెద్దయ్య ఆవిడను చూశాడు. ఆయన ముఖంలో ఏదో సడలింది. నవ్వు ముందు కళ్ళలోకి వచ్చి, తరవాత మీసం కిందికి దిగింది.

"తెల్లదొర ఎల్లిపోతన్నాడట, దేశానికే కొత్త జెండా వత్తన్నాదట" అన్నాడు. "నా తమ్ముడు బామ్మర్ది అయితే కొంపేటి మునుగుతాది?" అని అరుగు మీద తన పక్క చోటును అరచేత్తో తుడిచాడు. "ఇలగ రారా, బామ్మర్దీ. కూకో."

నాన్న ఇంతకాలం ఆ పక్కన కూర్చోని మనిషి. రెండడుగులు వేసి ఆగాడు, మళ్ళీ నడిచాడు, కూర్చున్నాడు. అంతా ఆయన్నే చూస్తున్నారు. ఆయన నడుము గుడ్డలోంచి చుట్ట తీసి నోట పెట్టుకుని, పెద్దయ్య ముఖం ముందుకు వంగాడు.

"బావా, నిప్పుందేటి?"

లైను లైనంతా ఘొల్లుమని నవ్వింది. పెద్దయ్య, "సూసినారా, కూకోమంటే నెత్తికెక్కినాడు" అంటూనే అగ్గిపుల్ల గీసి ఇచ్చాడు. నాన్న ఆయన ఎదట మొదటిసారి పొగ వదిలాడు. పొగ ఎక్కువై దగ్గు వచ్చి, కళ్ళు తుడుచుకున్నాడు. దగ్గుకే అని అందరికీ చెప్పాడు.

ఓపా, "అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయింది అన్నాను. బుట్ట అందుకుని గేటు వైపు గబగబా నడిచింది. పెద్దమ్మ వెనకనుంచి, "మక్, మెల్లిగా" అని పిలిచింది. మలాయిలో అమ్మను అనే మాట అది. ఆవిడ నోట నేను ఆ మాట వినడం అదే మొదలు. సైరన్ మోగేసరికి ఓపా తోరణం అవతలికి చేరుకుంది.

అతను ఎక్కడ ఉన్నాడంటే, పొగగది గోడ వెనక. సిగ్గుపడి అంతసేపూ బయటికి రాలేదు. సైరన్ మోగాక ఎవరి గదులకు వాళ్ళం పరుగెత్తాం. ఒక్క మాట మాట్లాడుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

మర్నాడు చీకటి ఉండగానే పెరట్టుకు వెళ్ళాను. పనిలోకి దిగేముందు హాజరు పిలిచే చోటు అది. దీపాల కింద అందరూ వరసలుగా నిలబడి ఉన్నారు. అతను పొగగది వాళ్ళ వరసలో, తల వంచుకుని, నన్ను చూడనట్టు నటిస్తున్నాడు. నా రెండు బకెట్లు, కత్తి, నల్ల టీ సీసా, అన్నీ చేతుల్లోనే ఉన్నాయి. అమ్మ పక్కనే ఉంది. నాన్న, మామయ్య అటు చివర ఒకే అగ్గిపుల్లతో చుట్టలు వెలిగించుకుంటున్నారు.

నేను బకెట్లు కింద పెట్టి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా పిలిచాను.

"బావా, ఈ బకెట్టు ఇలా అందుకో."